సుగుణ టీచర్‌తో పూండి దాకా

కడంబత్తూరులో రైలు ఆగగానే వేయించిన వేరుశనగల వాసన పెట్టెలోకి ఎక్కింది. ముందు వాసన వచ్చింది, దాని వెనకే బుట్ట పట్టుకున్న మనిషి వచ్చాడు. తిరుత్తణిలో అమ్మను చూసి తిరువళ్ళూరుకు తిరిగి వస్తున్నాను. ఆదివారం సాయంత్రం కాబట్టి పెట్టె నిండా జనం. ఇసుకలో వేగిన కాయల మాడు వాసన చాలామందికి నోరూరిస్తుంది. నాకు మాత్రం మెడ వెనక వెంట్రుకలు లేస్తాయి. సంచి తీసుకుని తలుపు దగ్గరికి వెళ్ళి గాలికి ఎదురుగా నిలబడ్డాను. కళ్ళు తిరుగుతున్నాయా అని ఎదురు సీటులోని పెద్దావిడ తమిళంలో అడిగింది. లేదమ్మా, నాకు వేరుశనగ పడదు, తింటే గొంతు మూసుకుపోతుంది, అందుకే కాస్త దూరంగా నిలబడ్డాను అని చెప్పాను. ఆవిడ తలూపి, అప్పుడే కొన్న పొట్లాన్ని మడిచి సంచిలో పెట్టేసుకుంది. అంతటితో ఆ మాట అయిపోయింది. ఒకప్పుడు ఇంత చిన్న మాట చెప్పలేక ఎన్ని అబద్ధాలు ఆడేదాన్నో తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఈ మాటను నా నోటికి అలవాటు చేసింది సుగుణ టీచర్. ఆవిడ నాకు బడిలో పాఠం చెప్పలేదు. నాకు ముప్పై దాటాక, ఇద్దరు పిల్లల తల్లినయ్యాక పరిచయమైంది.

మాది తిరుత్తణి పక్క పల్లె. మెట్ట పొలం. నాన్న, ఆయన నాన్న, అందరూ వేరుశనగ పండించినవాళ్ళే. కాయలు ఇంటికి చేరే రోజుల్లో వసారాలో నడవడానికి చోటుండేది కాదు. అలాంటి ఇంట్లో పుట్టిన నాకు నాలుగేళ్ళ వయసులో, అవ్వ చేసిన వేరుశనగ ఉండ సగం తినగానే పెదవులు వాచిపోయి, ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరి ఆడలేదట. నాన్న నన్ను సైకిలు మీద తిరుత్తణి ఆసుపత్రికి తీసుకుపోయాడట. ఆ తర్వాత మా వంటింట్లోకి నువ్వుల నూనె వచ్చింది. నూర్పిళ్ళ రోజుల్లో నన్ను శోళవరంలో పిన్ని ఇంటికి పంపేవాళ్ళు. నాన్న బడికి వెళ్ళి, మా పిల్లను పరుగులు పెట్టించవద్దని చెప్పి వచ్చాడు. వేరుశనగకూ పరుగుకూ సంబంధమేమిటని ఎవరూ అడగలేదు. భయం ఒకచోట పుట్టి ఇల్లంతా పాకింది. ఆటల గంటలో నేను వరండాలో కూర్చుని తక్కిన పిల్లల చెప్పులకు కాపలా కాసేదాన్ని. పెద్దయ్యే కొద్దీ నా ఒళ్ళు నాది కాదనిపించసాగింది. ఎప్పుడు ఎదురు తిరుగుతుందో తెలియని మనిషితో ఒకే గదిలో కాపురం చేస్తున్నట్టు ఉండేది.

పెళ్ళయి తిరువళ్ళూరు వచ్చాను. తాలూకా ఆఫీసులో ఉద్యోగం. రెండో కాన్పు తర్వాత బరువు పెరిగింది. ఆఫీసు మేడ ఎక్కితే ఆయాసం. చక్కెర జబ్బు గడప దగ్గర నిలబడి ఉందని, బరువు తగ్గి కండ పెంచుకోకపోతే లోపలికి వచ్చేస్తుందని డాక్టరు చెప్పాడు. పక్క సీటులో పనిచేసే మల్లిక అప్పటికే రోజూ పొద్దున బడి మైదానానికి వెళుతోంది. అక్కడ రిటైరైన ఆటల టీచర్ ఒకావిడ ఆడవాళ్ళకు ఉచితంగా కసరత్తు నేర్పుతోందని చెప్పి, నన్ను పట్టుబట్టి తీసుకెళ్ళింది.

సుగుణ టీచర్‌కు అప్పుడు అరవై దాటాయి. పొడుగు మనిషి. నూలు చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి దోపుకుని, కింద కాన్వాసు బూట్లు వేసుకుని, మెడలో ఈల వేలాడదీసుకుని ఉండేది. వయసులో ఈటె విసిరిన మనిషి కాబట్టి కుడి భుజం ఎడమ భుజం కంటే కొంచెం పైకి ఉండేది. లెక్క పెట్టడం తమిళంలో, తిట్టడం తెలుగులో. కొత్తగా వచ్చిన ప్రతి మనిషినీ ఏ నొప్పులున్నాయి, ఏ మందులు వాడుతున్నావు, ఏది తినకూడదు అని అడిగేది. ఏమీ లేదు టీచర్ అన్నాను. కసరత్తు ముగిశాక ఆవిడ ఒక స్టీలు డబ్బా మూత తీసి అందరికీ పంచింది. ఉడకబెట్టిన వేరుశనగలు. ఆ రోజు ఒక్కపొద్దు అని చెప్పి తప్పించుకున్నాను. మర్నాడు కడుపు బాగా లేదన్నాను. ఆ మర్నాడు మళ్ళీ ఒక్కపొద్దు అన్నాను. ఆవిడ డబ్బా మూసేసి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఏమ్మే, నీకు ఏ దేముడు మే ఇన్ని ఒక్కపొద్దులు పెట్టినాడు? నిజం చెప్పు."

చెప్పేశాను. నాలుగేళ్ళప్పటి సంగతి, నాన్న, చెప్పుల కాపలా, అన్నీ. చుట్టూ చేరిన ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు అయ్యో పాపం అన్నారు. ఆ మాట నాకు అలవాటే, తల వంచుకున్నాను. టీచర్‌కు మాత్రం కోపం వచ్చింది.

"పాపం అనేదానికి ఈడ ఎవురు చచ్చిపోయినారు? ఆ యమ్మికి ఒకటి పడదు, అంతే. నాకు ఎండ పడదు, టోపీ పెట్టుకుంటా ఉండా. రేపట్నించి ఈ గ్రౌండుకు చెనిక్కాయలు రావు."

నాకోసం వద్దు టీచర్ అని గొణిగాను. తనకు వేరుశనగలంటే ప్రాణమని, ఇంట్లో మానే ప్రసక్తే లేదని, తిన్నాక సబ్బుతో చేతులు కడుక్కుని వస్తానని ఆవిడ నిర్మొహమాటంగా చెప్పింది. ఆ నిజాయితీ నాకు నచ్చింది. నా కోసం త్యాగం చేసేవాళ్ళను చిన్నప్పటి నుంచీ చూశాను, వాళ్ళ ముఖం చూడాలంటే బరువుగా ఉండేది. ఈవిడ తన ఇష్టం తాను ఉంచుకుని నాకు చోటిచ్చింది.

నాకు అప్పటికి పరుగు రాదు. అంటే, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియదు. టీచర్ నన్ను మైదానం పక్క రోడ్డు మీద ఒక కరెంటు స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా పరుగెత్తించి, తర్వాతి స్తంభం దాకా నడిపించేది. గుండె దడదడలాడితే నేను ఆగి గొంతు తడుముకునేదాన్ని. ఆయాసానికీ, చిన్నప్పుడు ఊపిరి ఆడకపోవడానికీ తేడా నాకు తెలిసేది కాదు. టీచర్ అది కనిపెట్టింది. పక్కనే నడుస్తూ, పెదవులు దురదగా ఉన్నాయా, నాలుక మందంగా ఉందా, ఒంటి మీద దద్దుర్లున్నాయా అని ఒక్కొక్కటే అడిగేది. లేదు, లేదు, లేదు అనేదాన్ని. అయితే ఇది ఉత్త ఆయాసం, పద అనేది. కొన్నాళ్ళకు ఆ ప్రశ్నలు నాకు నేనే వేసుకోవడం మొదలుపెట్టాను. నా ఒంటితో నేను మాట్లాడడం అదే మొదలు.

తిండి విషయంలో ఎవరికి తోచిన సలహా వాళ్ళిచ్చేవాళ్ళు. ఫోనులో చూసే వీడియోలన్నీ కండ పట్టాలంటే వేరుశనగ వెన్న తినమనేవి. ఒకరోజు మల్లికా నేనూ వాటిని చూస్తుంటే టీచర్ నవ్వి, కొండ మీదికి ఒకటే దారి ఉంటుందా అంది. ఉలవ గుగ్గిళ్ళు, కోడిగుడ్లు, రాగి సంగటి, పెసలు, పెరుగు. మా ఇంట్లో ఉండేవే. ఊరికే ఊహించి చెప్పడం ఆవిడకు ఇష్టం లేదు. నాతో డాక్టరు దగ్గరికి వచ్చి కూర్చుని, పప్పుల్లో ఇంకేవైనా పడవా అని పరీక్ష చేయించింది. పడనిది కడుపులో ఉన్నప్పుడు పరుగెత్తితే దాని విషం ఇంకా తొందరగా ఎక్కుతుందని డాక్టరు చెప్పాడు. పరుగుకు ముందు కొత్తది ఏదీ నోట పెట్టవద్దన్నాడు. ఊపిరి అందకపోతే వెంటనే తొడకు వేయాల్సిన సూదిమందు రాసిచ్చి, ఎంత మోతాదో నర్సు చేత సిరంజి మీద గీత గీయించాడు. అది వేశాక కూడా ఆసుపత్రికి రావాల్సిందే అని గట్టిగా చెప్పాడు.

సూది వేయడం ఎవరు నేర్చుకుంటారని నర్సు అడిగింది. మాతో వచ్చిన మా ఆయన ముఖం పాలిపోయింది. టీచర్ చీర కొంగు దోపుకుని ముందుకు జరిగింది. ఆ వారమంతా వాళ్ళ ఇంట్లో సాత్తుకుడి, అంటే బత్తాయి పండ్లకు నీళ్ళ సూదులు పడ్డాయి. తర్వాత మల్లికకూ, మా ఆయనకూ తానే నేర్పింది. సూదులు పడని పండ్లు రసం తీసి మాకు పోసేది. మందు డబ్బా నా నడుముకు కట్టుకునే సంచిలోకి చేరింది. ఆ సంచి కుట్టింది కూడా ఆవిడే. ఎర్ర గుడ్డతో. దాచుకునే రంగు వద్దు, దూరం నుంచి కనపడాల అంది.

ఆ ఏడు నవరాత్రులకు మా వీధిలో ఒకరింట్లో బొమ్మల కొలువుకు పిలిస్తే టీచర్‌తో కలిసి వెళ్ళాను. తాంబూలంతో పాటు చేతికి సుండల్, తాలింపు వేసిన శనగల గుగ్గిళ్ళు ఇచ్చారు. నాకు అలవాటైన పద్ధతి ఒకటుంది. నవ్వుతూ తీసుకుని, ఇంటికి వెళ్ళి తింటానని చెప్పి, బయటికి రాగానే పారేయడం. సుండల్ పుచ్చుకోబోతున్న నా చేతిని టీచర్ చూసింది. నేను చేయి వెనక్కి తీసుకుని, నాకు వేరుశనగ పడదండీ, ఇది ఏ నూనెతో చేశారు అని ఆ ఇంటావిడను అడిగాను. ముఖమంతా వేడెక్కింది. ఆవిడ నొచ్చుకుంటుందనుకున్నాను. అయ్యో, చెనిక్కాయ నూనేనమ్మా, మంచిపని చేసినావు అడిగి అని, లోపలికి వెళ్ళి రెండు అరటిపండ్లు తెచ్చి ఇచ్చింది. తిరిగి వస్తుంటే టీచర్ ఆ సంగతి ఎత్తనే లేదు. అరటిపండ్లలో ఒకటి అడిగి తీసుకుని తింటూ నడిచింది.

స్తంభాలు పోయి మైదానం చుట్లు వచ్చాయి. చుట్లు పోయి ఊరి బయటి రోడ్డు వచ్చింది. చక్కెర జబ్బు గడప దగ్గరి నుంచి వెనక్కి వెళ్ళిందని డాక్టరు చెప్పాడు. మా చిన్నవాణ్ణి చంకనెత్తుకుని ఆఫీసు మేడ ఎక్కి దిగి చూపించాను, మల్లిక చప్పట్లు కొట్టింది. అప్పుడు టీచర్ ఒక కోరిక బయటపెట్టింది. తిరువళ్ళూరు నుంచి పూండి జలాశయం దాకా, పది కిలోమీటర్ల పైమాటే, ఆగకుండా పరుగెత్తాలి. పోటీ కాదు, బహుమతి లేదు. నేనూ మల్లికా పరుగెత్తుతాం, ఆవిడ స్కూటరు మీద వెనక వస్తుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అంత దూరం నడిచినదాన్ని కూడా కాదు. కానీ ఆ మాట విన్న రోజు నుంచి పూండి నా కలల్లోకి రావడం మొదలైంది.

కొన్ని వారాలు సాధన చేశాక, సగం దూరం వెళ్ళి రావడానికి ఒక ఆదివారం బయలుదేరాం. మల్లిక ఖర్జూరం, నువ్వులు కలిపి ఉండలు చేసుకొచ్చింది. ఆఫీసులో చాలాసార్లు తిన్నవే. అయినా అలవాటు ప్రకారం అడిగాను. వేరుశనగ లేదంది. అది నిజమే. ఒకటి తిని పరుగు మొదలుపెట్టాను. ఊరు దాటి నారుమళ్ళ మధ్యకు వచ్చేసరికి పెదవులు దురద పెట్టాయి. చెమట అనుకున్నాను. నాలుక మందమైంది. నాకు నేను ప్రశ్నలు వేసుకున్నాను. ఈసారి ఒక్కదానికీ లేదు అన్న జవాబు రాలేదు. ఆగి వెనక్కి తిరిగి చేయెత్తాను.

టీచర్ స్కూటరు వదిలేసి వచ్చి నన్ను రోడ్డు పక్క గట్టు మీద పడుకోబెట్టింది. గొంతులో ఎవరో గుడ్డ కుక్కుతున్నట్టుంది. మల్లిక ఏడుస్తోంది. టీచర్ ఆమెను అటుగా వచ్చే బండి ఏదైనా సరే ఆపమని పంపి, నా నడుము దగ్గరి సంచి విప్పింది.

"నా మాట విను మే. నేనుండాను. కండ్లు మూసుకో, ఊపిరి మెల్లగా తీసుకో. ఇప్పుడు సూది వేస్తా ఉండా."

ఆ గొంతు మైదానంలో లెక్క పెట్టే గొంతు లాగే ఉంది. తొడలో సూది దిగింది. గుండె గుర్రంలా దౌడు తీసింది. కాసేపటికి గుడ్డ కొద్దిగా వదులైంది, గాలి లోపలికి వచ్చింది. అంత తియ్యటి గాలి నేనెన్నడూ పీల్చలేదు. మల్లిక ఆపిన పాల వ్యానులో, ఖాళీ క్యాన్ల మధ్య నన్ను పడుకోబెట్టి ఆసుపత్రికి చేర్చారు. ఆ రాత్రి అక్కడే ఉంచుకుని మర్నాడు ఇంటికి పంపారు. ఏం జరిగిందో తర్వాత తెలిసింది. ముందురోజు మల్లిక ఇంటికి వచ్చిన చుట్టాలు అదే మిక్సీ గిన్నెలో వేరుశనగ చట్నీ రుబ్బి, కడిగి బోర్లించారు. బ్లేడు కింద మిగిలింది కాస్తంతే. మల్లికకు ఆ సంగతే తెలియదు.

ఇంట్లో ఇక చాలన్నారు. మా అత్త నన్ను కన్నకూతురిలా చూసుకునే మనిషి. ఆవిడ మాటల్లో కోపం లేదు, భయమే ఉంది. మా ఆయన నా బూట్లు తీసి అటక మీద పెట్టాడు. మూడో రోజు టీచర్ వచ్చింది. అత్త కాఫీ ఇచ్చి, కళ్ళొత్తుకుంటూ, పిల్లల తల్లి టీచరమ్మా, ఇంక దీన్ని పరుగులకు పిలవద్దండి అని బతిమాలింది. టీచర్ ఆవిడ చేయి పట్టుకుని కూర్చోబెట్టింది.

"నీ భయం తప్పని నేననను అక్కా. నాకూ ఉండాది. కానీ దీన్ని పడేసింది పరుగు కాదు, గిన్నె. పరుగు మానేస్తే గిన్నెలు మానేస్తాయా? రేపు ఏ పెండ్లిలోనో తింటుంది. అప్పుడు పక్కన సూది తెలిసినోళ్ళు ఉండాల గదా."

తర్వాత నా వైపు తిరిగింది. నా తరఫున ఆవిడ వాదిస్తుందని, నేను వింటూ కూర్చోవచ్చని అనుకున్నాను. ఆవిడ నువ్వేమంటావు అని అడిగి ఊరుకుంది. గదిలో అందరూ నన్నే చూశారు. నా ఒంటి సంగతి నన్ను అడిగిన మొదటి మనిషి ఆవిడే. చిన్నప్పటి నుంచీ ఆ నిర్ణయాలు వేరేవాళ్ళు చేసేవాళ్ళు, నేను చెప్పుల పక్కన కూర్చునేదాన్ని.

"పోతా టీచర్," అన్నాను. "కానీ ఇకమీద పరుగు ముందర మా ఇంట్లో చేసింది తప్ప ఏమీ తినను."

అత్త కొంగుతో ముఖం తుడుచుకుంది. అయితే ఆ సూది నాకూ నేర్పండి అంది చివరకు. మా ఆయన లేచి అటక మీది బూట్లు దించాడు.

మల్లిక మాత్రం మైదానానికి రావడం మానేసింది. ఆఫీసులో సీటు మార్పించుకుంది. ఆమెను మీరు పిలవండి అని టీచర్‌ను అడిగితే, నేనెందుకు పిలుస్తా, నీ స్నేహితురాలు, నువ్వే పో అంది. వెళ్ళాను. మల్లిక తలుపు తీసి నన్ను చూడగానే వంటింట్లోకి పరుగెత్తి, కొత్త మిక్సీ గిన్నె ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. దాని మీద నా పేరు ఎర్ర రంగుతో రాసి ఉంది. ఇద్దరం నేల మీద కూర్చుని తనివితీరా ఏడ్చి, తర్వాత టీ తాగాం. మర్నాడు మైదానంలో ఆమెను చూసి టీచర్, ఇన్ని దినాలు యాడికి పోయినావు, కాళ్ళు మొద్దుబారిపోయుంటాయి, రెండు చుట్లు ఎక్కువ పో అంది. ఆవిడ క్షమాపణలూ ఓదార్పులూ అన్నీ అలాగే ఉండేవి.

చలికాలం వెళ్ళబోయే ముందు మేము పూండి చేరాం. పొద్దు పొడవక ముందే బయలుదేరాం. ఆ గట్టు దగ్గరికి వచ్చినప్పుడు నా పరుగు నెమ్మదించింది. మల్లిక నా మోచేతికి తన మోచేయి తాకించింది, దాటిపోయాం. చివర్లో ఇద్దరం నడకకంటే కొంచెం నయంగా ఉన్నాం. వెనక స్కూటరు మీద టీచర్ తమిళంలో లెక్క పెడుతూనే ఉంది. అంత పెద్ద నీళ్ళు ఒక్కసారిగా ఎదురయ్యేసరికి నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. కట్ట మీద కూర్చుని ఇంట్లో చేసుకొచ్చిన రాగి జావ ముగ్గురం తాగాం. నాన్నకు ఫోను చేసి, పూండి దాకా పరుగెత్తాను నాన్నా అని చెప్పాను. ఆయన, నీళ్ళు నిండా ఉండాయా మే అని అడిగాడు. నిండా ఉన్నాయన్నాను. అప్పుడు మేమిద్దరం నీళ్ళ గురించే మాట్లాడుకున్నాం.

కొన్నేళ్ళకు టీచర్ మోకాళ్ళు సహకరించక, ఎలవూరులో చెల్లెలి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. మైదానం మల్లికకూ నాకూ వదిలింది. వీలు దొరికినప్పుడల్లా వెళ్ళి చూసి వచ్చేదాన్ని. పోయిన ఏడు ఆవిడ నిద్రలోనే వెళ్ళిపోయింది. అంతకు కొన్ని నెలల ముందు, ఇంటి ముందు ఎండలో కూర్చుని ఉన్నప్పుడు, చాలాకాలంగా అడగాలనుకున్నది అడిగాను. ఆ రోజు గట్టు మీద నాకు సూది వేస్తున్నప్పుడు మీ చేయి కొంచెం కూడా ఎలా వణకలేదు టీచర్ అని.

ఆవిడ నా ముఖంలోకి చూసి చిన్నగా నవ్వింది.

"వణకలేదని ఎవురు చెప్పినారు నీకు? రెండు చేతుల్తో పట్టుకుంటే గానీ సూది నిలబడలే. అందుకే గదా నిన్ను కండ్లు మూసుకోమనింది."

ఆ రోజు ఎలవూరు నుంచి తిరిగి వచ్చే బస్సులో ఆ మాటే తలచుకుంటూ కూర్చున్నాను. నా భయం పోలేదు. కొత్త ఇంట్లో విస్తరి ముందు కూర్చున్నప్పుడు ఉంటుంది, ఊరి బయటి రోడ్డు మీద ఒంటరిగా పరుగెత్తేటప్పుడు ఉంటుంది. అది పోవాలని ఇప్పుడు అనుకోను. చేయి వణికితే రెండో చేయి తెచ్చి పట్టుకుంటాను, పని కానిస్తాను.